అంబిక కన్నులు, దాసి పేరు

గత శీతకాలమున ఒక గుజరాతీ నవలకు నేను చేసిన అనువాదమును మూలముతో సరిచూచుకొనుటకై సూరతు నగరములోని వరాఛాలో ఒక మిత్రుని యింట పది దినములు ఉన్నాను. వరాఛా వజ్రాల పేట. సౌరాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన పటేళ్ళు అక్కడ ప్రధాన జనము. మినీబజారులో వర్తకులు వీధి అంచున నిలువబడి, తెల్లని కాగితపు పొట్లములు విప్పి, కంటికి చిన్న భూతద్దము ఆనించుకొని రాళ్ళు చూచుచుందురు. ఆ రోడ్డుమీదనే, కార్ఖానాల నడుమ, సంతానము లేనివారికి చికిత్స చేయు ఆసుపత్రుల పలకలు కూడ కనిపించినవి. ఒక పలకమీద 'స్త్రీబీజ్' అను మాట చదివి ఆగినాను. మనము అండము అను దానికి గుజరాతీలో వాడుక మాట అది. ఆ పూట నవలను పక్కన పెట్టి ఆ ఒక్క మాటను గూర్చియే ఆలోచించినాను. ఈ వ్యాసమునకు మొదలు అదియే. కాని ఆ మాట నా యింటి గుమ్మమువరకు వచ్చి కూర్చుండునని అప్పుడు అనుకొనలేదు.

మా మిత్రుని భార్య చీరలకు రాళ్ళు, చమ్కీలు అతికించు పనిని ఇండ్లకు ఇప్పించుచుండును. ఆ పనికై లింబాయత్ పేటనుండి వచ్చు స్త్రీలలో ఒకామె నేను టెలిఫోనులో తెలుగు మాటలాడుట విని, పని ముగిసిన తరువాత కూడ వెళ్ళక నిలిచినది. ముప్పది ఏండ్లు ఉండును. సిరిసిల్ల ప్రాంతపు నేతవారి కుటుంబము. తాతల కాలమున సూరతు వచ్చినారట. భర్త మరమగ్గములమీద పని చేయుచున్నాడు. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచున్నది. ఆమె అట్టి బడిలో ఏడవ తరగతి వరకు చదివినది.

"మీరు తెలుగోళ్ళా సారూ? గీ కాయితం జర సదివి చెప్తరా?" అన్నది.

అది ఒక సమ్మతిపత్రము. ఆమె తన అండములను ఇంకొక దంపతులకు ఇచ్చుటకు అంగీకరించుచున్నట్లు. గుజరాతీలోను, ఇంగ్లీషులోను ఉన్నది. చదివి అర్థము చెప్పినాను. ఆమెకు అది చాలలేదు. "తెలుగుల రాసి ఇయ్యుండ్రి, ఇంటికాడ నేనే సదువుకుంట" అన్నది. ముప్పది సంవత్సరములుగా అనువాదము చేయుచున్నవాడను; నాలుగు పుటల పత్రము నాకొక లెక్క కాదనుకొన్నాను. ఆ రాత్రి రెండు గంటలవరకు ఆ నాలుగు పుటలు ముగియలేదు.

మొదటి చిక్కు శీర్షికలోనే వచ్చినది. ఇచ్చువానికి దాత అనియు, ఇచ్చుటకు దానము అనియు మనకు అలవాటు. రక్తదానము, నేత్రదానము అని వ్రాసి వ్రాసి అండదానము, వీర్యదానము అనుట కూడ వాడుకలోనికి వచ్చినది. కాని దానము అను మాటకు మన భాషలో ఒక స్వభావము కలదు. ధార పోసిన తరువాత వస్తువు దాతది కాదు. ప్రతిఫలము పుచ్చుకొన్నచో అది దానము కాదు. పుచ్చుకొన్నవాడు లోకువ, ఇచ్చినవాడు అధికుడు. భూరి దాతలను గూర్చి మన కవులు వ్రాసిన పద్యములన్నియు ఈ భావముమీదనే నిలిచినవి. ఆ మాటను తెచ్చి ఈమె నెత్తిన పెట్టితిమా, ఆమె పది పన్నెండు దినములు సూదిమందు పొడిపించుకొనుట, మత్తుమందు క్రింద అండములు తీయించుకొనుట, ఇంటికి వచ్చి కడుపు నొప్పితో మరల రాళ్ళు అతికించుట, ఇవన్నియు శిబిచక్రవర్తి కథవలె వినిపించును. ఆమె శిబి కాదు. ఆమెకు ఇద్దరు బిడ్డల బడి జీతము కట్టవలసి ఉన్నది. చట్టము అమ్మకమును నిషేధించినది. కాని ఖర్చులు అను పేరున ఎంతో కొంత చేతికి వచ్చునని ఆమెకు ఎవరో చెప్పినారు. అమ్మకము అని వ్రాయుటకు వీలులేదు, దానము అని వ్రాయుటకు నా చేయి ఒప్పలేదు.

రెండవ చిక్కు ఇంకను విచిత్రమైనది. పత్రములో ఒకచోట అండముతో పాటు ఫలదీకరణము చెందిన పిండమును గూర్చిన ప్రస్తావన కూడ ఉన్నది. దానిని ఇంకొకరికి ఇచ్చుటను తెలుగులో ఏమనవలెను? పిండదానము అని వ్రాసి, నేనే ఉలిక్కిపడి కొట్టివేసినాను. తెలుగువానికి పిండదానము అనగా చనిపోయిన పెద్దలకు పెట్టునది. సంతానము కావలెనని మన పూర్వులు పడిన ఆరాటమంతయు ఆ పిండము పెట్టువాడు ఒకడు ఉండవలెననియే కదా! పుట్టబోవువానికిని పోయినవారికిని ఒక్కటే మాట ఉండుట భాషలోని సొగసు. కాని ఆసుపత్రి కాగితముమీద ఆ సొగసు పనికిరాదు.

ఇక స్త్రీబీజము సంగతి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయములో బీజక్షేత్రముల చర్చ కలదు. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము. చేనిలో ఇంకొకడు విత్తినచో పంట ఎవరిది? బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా? ఒకచోట ఒకటి, ఒకచోట ఒకటి అని మనువు సందిగ్ధముగానే చెప్పినాడు. ముందుగా ఒప్పందము ఉన్నచో ఇద్దరును భాగస్వాములే అనియు అన్నాడు. తరువాత నియోగమునే నిందించినాడు. ఆ చర్చలో ఎటు తిరిగినను స్త్రీకి బీజము లేదు. ఆమె నేల. క్షీరదముల అండమును కార్ల్ ఎర్నస్ట్ ఫాన్ బేర్ అను శాస్త్రజ్ఞుడు 1827లో కనుగొనువరకు లోకములో ఎవరికిని దానిని చూచిన అనుభవము లేదు కనుక, మనువును మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. కాని వరాఛా రోడ్డుమీది పలక వ్రాసినవాడు రెండువేల ఏండ్ల రూపకమును ఒక్క సమాసముతో తలక్రిందులు చేసినాడు. స్త్రీకి బీజమున్నది. ఆ బీజము ఇంకొక స్త్రీ క్షేత్రములో మొలకెత్తుచున్నది. తమిళులు కరుముట్టై అందురు, గర్భపు గ్రుడ్డు అని. మనము అండము అందుము. అది పక్షికిని, బ్రహ్మాండమునకును సమానమే. వీర్యము అను మాటలో మాత్రము శౌర్యమును కూడ కలిపి పెట్టుకొన్నాము. పదముల పంపకములో ఎవరి వాటా ఎంతయో చూచుటకు ఇంతకంటె వేరు ఉదాహరణము అక్కరలేదు.

ఇది పదముల గోల అని పాఠకులు అనుకొనరాదు. పేరు లేనిదానిని గూర్చి కథ వ్రాయుట కష్టము. కథ లేనివారిని లోకము చూడదు. ఈ స్త్రీని గూర్చి మన సాహిత్యములో ఏమున్నదని వెదకినచో, ఆశ్చర్యముగా, ప్రాచీనులు మనకంటె నిక్కచ్చిగా మాటలాడినట్లు కనిపించును.

ఆదిపర్వపు కథ అందరికిని తెలిసినదే. నన్నయ తెలుగు చేసినప్పటినుండి మన యింటి కథయే. విచిత్రవీర్యుడు సంతానము లేక చనిపోయినాడు. సత్యవతి వ్యాసుని పిలిపించినది. అంబిక భయపడి కన్నులు మూసికొన్నది, అంబాలిక తెల్లబోయినది. ఒకరికి గ్రుడ్డి కుమారుడు, ఒకరికి పాండువర్ణుడు. మన భాషలో కనుట అనగా చూచుటయు, ప్రసవించుటయు. అంబిక కనక కన్నది. ఆ కన్నులు మూసికొనుటయే భారతకథకు మూలము. వంశము నిలుపుటకై జరిగిన ఏర్పాటులో ఆ స్త్రీకి కలిగిన జుగుప్సను, భయమును మహాకవి దాచలేదు. కుమారుని శరీరముమీదనే వ్రాసిపెట్టినాడు. ధృతరాష్ట్రుడు ఎవరికి పుట్టినాడో సభలో అందరికిని తెలియును. తెలిసియు ఆయన కురువంశపు రాజే. ఔరసుడు, క్షేత్రజుడు, దత్తుడు, గూఢోత్పన్నుడు, కానీనుడు అనుచు పండ్రెండు విధముల పుత్రులను స్మృతి లెక్కించినది. ఆ లెక్కలో హెచ్చుతగ్గులు ఉన్నవి, అన్యాయము ఉన్నది, కుమార్తెల ఊసే లేదు. కాని దాపరికము తక్కువ. దేవకి గర్భమునుండి రోహిణి గర్భమునకు మార్పబడిన శిశువునకు సంకర్షణుడు అని పేరే పెట్టినారు. పుట్టుకలోని రహస్యము పేరులోనే ఉన్నది. (ఈ కథలను చూపి మన పూర్వులకు ఈ వైద్యమంతయు తెలిసియుండెనని చెప్పువారు కొందరున్నారు. ఆ గర్వముతో నాకు పని లేదు. కథకుడు ఊహింపగలిగినది వైద్యుడు చేయగలిగినాడని అర్థము కాదు. కథకుని ఊహయే గొప్పదిగా నాకు కనిపించును.)

అయితే ఆదిపర్వములోనే ఒక ఖాళీ ఉన్నది. రెండవసారి వ్యాసునివద్దకు వెళ్ళుమని అత్తగారు చెప్పగా అంబిక తాను వెళ్ళక, తన ఆభరణములు తొడిగి తన దాసిని పంపినది. ఆమె భయపడలేదు, ఋషిని సేవించినది. ఆయన సంతోషించి, నీకు ఇక దాస్యము ఉండదని వరమిచ్చినాడు. ఆమెకు పుట్టినవాడు విదురుడు, భారతములో ధర్మము తెలిసిన మహానుభావుడు. ఆమె పేరు ఏమి? సత్యవతి దాసీపుత్రి కాకున్నను బెస్తపిల్ల. ఆమెకు మత్స్యగంధి, యోజనగంధి అని పేర్లు పేర్లుగా ఉన్నవి. ఈమెకు ఒక్క పేరైనను లేదు. ఇంకొక స్త్రీకి బదులుగా తన శరీరమును పంపిన మొదటి స్త్రీ మన సాహిత్యములో పేరు లేనిదిగానే మిగిలినది. ఆ సంప్రదాయమును మనము ఈనాటికిని చెరపలేదని నా అభిప్రాయము.

ఆధునిక భారతీయ నవలలో ఈ వస్తువును పట్టుకొన్నవారు లేకపోలేదు. 1965లో వెలువడిన ఎస్. ఎల్. భైరప్ప కన్నడ నవల 'వంశవృక్ష' మన పాఠకులకు బాపు 1980లో తీసిన చిత్రముద్వారా కూడ పరిచయమే. జీవితమంతయు వంశగౌరవమును కాపాడిన శ్రోత్రి, తాను ఆ వంశమునకు రక్తముచేత చెందినవాడు కాడని పాత కాగితములలో తెలిసికొనును. నవలకు అది శిఖరము. ఆ ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు ఒళ్ళు జలదరించినది. కాని ఆ జలదరింపు ఎవరి కొరకు? శ్రోత్రి కొరకు. ఆస్తి పగవలన భర్త చేసిన ఏర్పాటునకు లోనైన ఆ తల్లి ఏమనుకొన్నది? ఆమె శ్రోత్రి కనుగొన్న సత్యములో ఒక భాగము మాత్రమే. భైరప్పగారే 1979లో 'పర్వ' వ్రాసినప్పుడు నియోగమును దేవతల మహిమనుండి విడదీసి మనుష్యుల ఆచారముగా చూపినారు. అక్కడ కుంతికి తన గతమును తలచుకొనుటకు కావలసినంత తావు లభించినది. ఈ రెండవ నవల మొదటిదానికి సమాధానమువలె నాకు తోచును.

పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్' 2010లో వచ్చినది. తిరుచెంగోడు ఉత్సవములో ఒక రాత్రి సంతానము లేని స్త్రీ పరపురుషుని దేవుడుగా భావించి కలిసికొనవచ్చునను ఆచారము దానిలో వస్తువు. 2014 చివర లేచిన అల్లరివలన రచయిత తనలోని రచయిత మరణించినాడని ప్రకటింపవలసి వచ్చినది; 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పినది. ఆ వివాదము పెద్దదగుటచే నవలలోని ఒక సూక్ష్మము మరుగుపడినది. పొన్న, కాళి అను దంపతుల బాధ చిన్న చిన్న విషయములలో, చుట్టముల మాటలలో, పొలముగట్టుమీది ఎత్తిపొడుపులలో కనిపించును. గొడ్రాలు అను మాట వినని తెలుగు పల్లె ఏది? శుభకార్యమునకు ఎదురు రాకుమని చెప్పించుకొన్న స్త్రీలను మనము ఎరుగుదుము. ఆ రాత్రి ఎదురైన పురుషుడు దేవుడు కనుక అతనికి పేరు అక్కరలేదు. అనామకత్వము అక్కడ ఒక కరుణ. ఇది నేను తరువాత చెప్పబోవు మాటకు ఎదురు వాదము. అందుచేతనే ముందుగా చెప్పుచున్నాను.

ఈ రచనలన్నిటిలోను ఇచ్చువాడు పురుషుడు. స్త్రీ ఇచ్చునది కాదు, పొందునది. 1978 జూలై 25న ఇంగ్లాండులో లూయీ బ్రౌన్ జన్మించినది. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన మన దేశపు మొదటి శిశువు జన్మించినది. ఆయన అవమానములు భరింపలేక 1981లో ప్రాణము తీసికొన్నాడు. ఆ విషాదమును ప్రేరణగా రమాపద చౌదురి బెంగాలీలో 'అభిమన్యు' వ్రాసినారు. తపన్ సిన్హా దానిని చలనచిత్రముగా మలచినారు. మంచి రచన, మంచి చిత్రము. కాని శాస్త్రజ్ఞుని కథ. 1983–84 నాటికి ఒక స్త్రీ అండము ఇంకొక స్త్రీ గర్భములో శిశువగుట సాధ్యమైనది. అప్పటినుండి నలువది ఏండ్లు గడచినవి. మన చలనచిత్రములు వీర్యదాతను హాస్యనాయకునిగా చేసినవి. 2012లో హిందీలో వచ్చిన 'విక్కీ డోనర్' 2016లో 'నరుడా డోనరుడా' అని తెలుగైనది. గర్భము అద్దెకిచ్చిన స్త్రీని గూర్చి సింగీతం శ్రీనివాసరావు 2013లో 'వెల్‌కమ్ ఒబామా' తీసినారు. 2022లో 'యశోద' ఆమెను సాహసనాయికగా చేసినది. అండము ఇచ్చిన స్త్రీకి హాస్యమును లేదు, సాహసమును లేదు. పురుషుడు ఇచ్చినప్పుడు నవ్వు పుట్టించు పని స్త్రీ ఇచ్చినప్పుడు మౌనము ఎందుకు పుట్టించుచున్నదో రచయితలు ఆలోచింపవలెను.

న్యాయస్థానములు మాత్రము ఆలోచింపక తప్పలేదు. సూరతునుండి ఉత్తరముగా, వడోదర దాటిన తరువాత వచ్చు ఆణంద్ పట్టణము కొంతకాలము ఈ వ్యవహారమునకు లోకప్రసిద్ధి పొందినది. 2008 జూలై 25న, అనగా లూయీ బ్రౌన్ పుట్టిన నాటికి సరిగా ముప్పది ఏండ్లకు, అక్కడ ఒక జపాను దంపతుల కొరకు ఒక బాలిక పుట్టినది. అండము పేరు తెలియని స్త్రీది. మోసినది ఇంకొక స్త్రీ. కోరుకొన్న దంపతులు బిడ్డ పుట్టుటకు ముందే విడిపోయినారు. భార్య బిడ్డ వద్దన్నది. ముగ్గురు తల్లులు ఉండవలసినచోట ఒక్కతె లేకపోయినది. నానమ్మ జపానునుండి వచ్చి సుప్రీంకోర్టువరకు వెళ్ళి, ఆ బాలికను తీసికొనిపోయినది. అదే ఆణంద్‌లో అదే సంవత్సరము జనవరిలో ఒక జర్మను దంపతుల కొరకు కవలలు పుట్టినారు. అక్కడను అండము అజ్ఞాతస్త్రీదే. వారికి పాస్‌పోర్టు ఇచ్చుటకు తల్లి ఎవరో తేలవలెను. 2009 నవంబరు 11న గుజరాతు హైకోర్టు, మోసి ప్రసవించిన స్త్రీయే తల్లి అని తేల్చినది.

ఆ తీర్పు చదివినప్పుడు నాకు తెలుగుమీద గౌరవము పెరిగినది. కన్నతల్లి అను మన మాట ఆ తీర్పును ఎన్నడో చెప్పియుంచినది. కన్నది తల్లి. అండము ఎవరిదైనను, తొమ్మిది నెలలు మోసి, నొప్పులు పడి ప్రసవించిన స్త్రీని ఎవరును సవతి మాట అనలేరు. ఇతరుల అండముతో బిడ్డను కన్న మన చెల్లెండ్రు, కోడండ్రు ఈ మాటను గట్టిగా పట్టుకొనవచ్చును. ఆ బిడ్డ వారి కన్నబిడ్డయే. దేవకి కన్నతల్లి, యశోద పెంచినతల్లి. మన భాషలో ఈ రెండు పీటలు ఉన్నవి. మూడవ స్త్రీకి పీట లేదు. ఆమె కనలేదు, ఏ అర్థములోను కనలేదు. బిడ్డను ప్రసవింపలేదు, బిడ్డను చూడలేదు.

2021 డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టము ఆమెకు కొన్ని రక్షణలు ఇచ్చినది. వయస్సు ఇరువదిమూడుకు తక్కువ, ముప్పదియైదుకు ఎక్కువ కారాదు. జీవితములో ఒక్కసారియే ఇయ్యవలెను. ఏడు అండములకు మించి తీయరాదు. ఆమె పేర పన్నెండు నెలల బీమా ఉండవలెను. ఇవి మంచివి. పుట్టిన శిశువు ఆ దంపతులకు జన్మతః కలిగిన బిడ్డగా భావింపబడునని ఇంకొక మాట. భావింపబడును! చట్టము కూడ ఒక కల్పన చేయుచున్నది. ఆ కల్పన లేనిచో బిడ్డకు వారసత్వములో చిక్కులు వచ్చును. అది అవసరమైన కల్పన. ఇచ్చిన స్త్రీకి ఏ హక్కును ఉండదు. అదియు అవసరమే కావచ్చును. స్మృతికర్తలు అందరి పేర్లును చెప్పి హెచ్చుతగ్గులు పెట్టినారు. నేటి చట్టము హెచ్చుతగ్గులు తీసివేసి, ఒక పేరును కూడ తీసివేసినది. బిడ్డపట్ల ఇది మెరుగని నేను ఒప్పుకొందును.

2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్బది ఏండ్లు దాటిన ఒక వృద్ధురాలు ఇతర స్త్రీ అండముతో కవలపిల్లలను కన్నది. పత్రికలన్నియు వ్రాసినవి. ఆమె వయస్సు, భర్త ఆనందము, వైద్యుల ఘనత, ఆ వయస్సులో అది ఉచితమా కాదా అను వాదము, అన్నియు వచ్చినవి. నేను చదివిన వార్తలలో ఆ అండముల స్త్రీని గూర్చి ఒక్క సమాసము కంటె ఎక్కువ లేదు. ఆమె పేరు వ్రాయరాదు, నిజమే. కాని అటువంటి స్త్రీ ఒకతె ఉన్నదని, ఆ దినము ఎక్కడనో పత్రిక చూచియో చూడకయో బియ్యము కడుగుచున్నదని ఏ కథకునికైన తోచినదా? నాకే తోచలేదు. సూరతు వెళ్ళువరకు తోచలేదు.

ఇక్కడ నాకు రెండు ఆక్షేపణలు ఎదురగును. మొదటిది, రహస్యము కోరుకొన్నవారి తలుపు రచయిత ఎందుకు తట్టవలెను? సంతానము కొరకు ఏండ్ల తరబడి ఏడ్చిన దంపతులకు, చుట్టముల నోళ్ళకు వెరచువారికి ఆ మౌనమే రక్ష. తిరుచెంగోడు చీకటి పొన్నకు రక్ష అయినట్లే. దీనికి నా సమాధానము ఒక్కటే. చట్టము పేరు బయటపెట్టినచో ఒక మనిషికి కీడు. కథకుడు పేరు పెట్టినచో ఎవరికిని కీడు లేదు. కల్పనకు ఉన్న ఈ సదుపాయమును వాడుకొనకపోవుట రచయితల సోమరితనమే గాని మర్యాద కాదు. 'విముక్త' కథలలో ఓల్గా అహల్యకు, రేణుకకు, ఊర్మిళకు, శూర్పణఖకు మాట ఇచ్చినారు. ఆ పుస్తకమునకు 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. విదురుని తల్లి ఇంకను వాకిట నిలిచియే ఉన్నది.

రెండవ ఆక్షేపణ నా మిత్రుడే చేసినాడు. ఆయన తమ్ముడు ప్రయోగశాలలో పెంచిన వజ్రముల వ్యాపారము చేయును. సన్నని వజ్రపు పలుకు ఒకటి అడుగున పెట్టి, వాయువులోని కర్బనమును దానిపై పొరలు పొరలుగా పేరునట్లు చేయుదురు. ఆ పలుకును ఆ వర్తకులు విత్తు అనియే అందురు. భూమినుండి వచ్చినదానికిని దీనికిని కంటితో భేదము తెలియదు, యంత్రము కావలెను. "రాయి అయిన తరువాత విత్తు సంగతి ఎవడడుగును? బిడ్డ అయిన తరువాత మాత్రము ఎందుకు?" అన్నాడు. చమత్కారముగానే ఉన్నది. కాని అదే వరాఛాలో ఆ రెండు రాళ్ళకును ధర వేరు, కాగితము వేరు. విత్తు సంగతి అడుగనివాడు వ్యాపారములో నిలువడు. అంతకంటె ముఖ్యము, రాయి పెరిగి పెద్దదై అద్దములో ముఖము చూచుకొనదు. బిడ్డ చూచుకొనును. ఆ బిడ్డ వ్రాయబోవు నవల వేరు. దానికి ఇంకను కాలము ఉన్నది. నేను చెప్పుచున్నది ఆ నవలకు ముందు రావలసిన కథ.

తెల్లవారిన తరువాత ఆమె వచ్చినది. నాలుగు పుటలు చేతికి ఇచ్చినాను. మా మిత్రుని యింటి అరుగుమీద కూర్చుండి, వ్రేలు పెట్టి, పెదవులు కదలించుచు, ఆసాంతము చదివినది. ఏడు అను అంకెవద్ద ఆగినది.

"ఏడంటే ఏడే తీస్తరా సారూ? ఎక్కువ తీస్తే నాకెట్ల తెలుస్తది?"

మత్తులో ఉన్నవారికి ఎట్లు తెలియును? కాగితము అడిగి తీసికొనవలెనని, దానిలో ఎన్ని తీసినారో వ్రాసి ఉండవలెనని, బీమా కాగితము ముందే చేతికి రానిదే సంతకము చేయవద్దని చెప్పినాను. తలయూపినది. తరువాత ఇంకొక ప్రశ్న అడిగినది. దానిని నేను ఎదురుచూడలేదు.

"గా పిల్లకు నా పోలిక వస్తదా?"

రావచ్చునమ్మా, అన్నాను. కొంత ఆమెది, కొంత ఆ తండ్రిది.

"మా చిన్నదానికి మా అమ్మ ముక్కొచ్చింది" అన్నది. అని నవ్వినది. ఆ నవ్వు దుఃఖమని గాని, సంతోషమని గాని నేను చెప్పజాలను. ఆమె ముక్కు ఎట్లున్నదో ఆ క్షణముననే మొదటిసారి చూచినాను.

పత్రములో ఆమె పేరు వ్రాయవలసిన గడి ఒకటి, దాని ప్రక్కనే ఆసుపత్రివారు సంఖ్య వేయవలసిన గడి ఇంకొకటి ఉన్నవి. ఆ దంపతులకు చేరునది సంఖ్య. పేరు బీరువాలో ఉండును. ఆమె నా తెలుగు ప్రతిలో పేరు గడి మీద బొటనవ్రేలు ఆనించి కొంతసేపు ఉన్నది. "ఇంటాయనతోని మాట్లాడి చెప్త" అని కాగితములు మడిచి, చమ్కీల సంచిలో పెట్టుకొని వెళ్ళినది. మరునాడు నేను బయలుదేరి వచ్చినాను. సంతకము చేసినదో లేదో నాకు తెలియదు.

నా వద్ద మిగిలిన చిత్తుప్రతిలో శీర్షిక ఇప్పటికిని తేలలేదు. దాత అని వ్రాసి, గీత కొట్టి, ఇచ్చిన ఆమె అని వ్రాసినాను. దాని క్రింద పెన్సిలుతో బీజమాత అని ఉన్నది. ఆ మాట బాగున్నది గాని ఎవరును పలుకరు. ఇచ్చిన ఆమె అనునది పలుకుటకు సులువుగా ఉన్నది. పదము మాత్రము కాదు. మిత్రులైన రచయితలెవరికైన ఇంతకంటె మంచి మాట తోచినచో నాకు ఒక కార్డు వ్రాయవలెనని కోరుచున్నాను.